పసుపు చీటీ

ఓబళప్ప కింద పడ్డాడు. సూపర్‌వైజర్ నాగరాజ్ పరుగెత్తుకొచ్చి ముందు స్క్రీనును ఎత్తి చూశాడు. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు చీలిపోయి ఉంది. "అయ్యయ్యో, పాయనే!" అని తల పట్టుకున్నాడు. ఆ తర్వాతే మనిషి వంక చూశాడు. పగిలిన అద్దం కోసిన అరచేతి నుంచి నెత్తురు కారుతోంది. యాభై ఏళ్ళ ఓబళప్ప పళ్ళు కరచుకుని వణుకుతున్నాడు, అరవై డిగ్రీల వేడిగదిలో! రెండడుగుల దూరంలో నిలబడి మునిలక్ష్మి అంతా చూసింది.

ఎలక్ట్రానిక్ సిటీలోని ఆ ఫ్యాక్టరీ ఏం చేస్తుందో చెప్తాను, వినండి. మన ఫోను కాసేపు ఎండలో పెడితే చతికిలబడుతుంది కదా, అట్లా చతికిలబడని స్క్రీన్లు చేస్తుంది. మంచుకొండల మీద తిరిగే బండ్లకు కొన్ని, ఉక్కు కొలుముల పక్కన నిలబెట్టడానికి కొన్ని. ప్రతి స్క్రీనునూ మైనస్ ముప్పై చలిగదిలో పెట్టి, తర్వాత వేడిగదిలో పెట్టి పరీక్షించాలి. పనివాళ్ళు చలిగదిని కాశ్మీరం అంటారు, వేడిగదిని రాయచూరు అంటారు. కాశ్మీరం నుంచి రాయచూరుకు స్క్రీన్లు కాళ్ళతో నడిచిపోవు. కాంట్రాక్టు మనుషులు మోస్తారు. పదకొండు మంది, నాలుగే చలికోట్లు.

రెండు గదుల నడుమ పొడవాటి బల్ల ఉంది. చలి నుంచి వచ్చిన స్క్రీను ఆ బల్లమీద ముప్పై నిమిషాలు ఊరికే ఉండాలి, లేకుంటే అద్దం పగులుతుంది. అందుకని దానికి పసుపు చీటీ కడతారు. కట్టిన టైమూ విప్పిన టైమూ చీటీ మీద చేత్తో రాస్తారు. చీటీ ఉన్నంతసేపు దాన్ని మేనేజరు కూడా ముట్టకూడదు. మరి మోసినవాళ్ళకో? బల్లా లేదు, చీటీ లేదు. చెమట ఆరకముందే కాశ్మీరం, వణుకు తగ్గకముందే రాయచూరు.

ఆ రోజు సరుకు లారీ కోసం తొందర పెట్టింది నాగరాజే.

"మునిలక్ష్మీ, ఆ చీటీ తీసేయ్. బండి నిలబడుండాది."

"కట్టి ఎనిమిది నిమిషాలే అయిందన్నా."

"తీయమంటే తీయమ్మా, పైనుంచి నా ప్రాణం తోడతా ఉండారు!"

ఆమె చీటీ విప్పింది. అలవాటు కొద్దీ టైము రాసి జేబులో పెట్టుకుంది. అప్పుడే చలిగది నుంచి బయటపడిన ఓబళప్ప, వేళ్ళు ఇంకా కొయ్యబారి ఉండగానే, ఆ స్క్రీనును మోసుకుని రాయచూరులోకి పోయాడు. వేడి తగలగానే అద్దం చేతుల్లోనే చిట్లింది, దానితోపాటు మనిషీ కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు వెంకటరాయప్ప తేల్చేశాడు. ఓబళప్ప అజాగ్రత్తగా జారవిడిచాడట. రేపటి నుంచి అతనికి గేటు బంద్.

మునిలక్ష్మి నోరు మెదపలేదు. చింతామణి పక్క పల్లె నుంచి ఆమెను తీసుకొచ్చి పనిలో పెట్టించింది నాగరాజే. అదే ఊరి మనిషి, అన్నా అని పిలిచే మనిషి. ఇంటికెళ్ళాక కలిపిన అన్నం తీసుకెళ్ళి వీధికుక్కకు పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మరునాడు టీ వేళకు గేటు బయట టీ అంగడి దగ్గర అందరూ చేరారు. ఓబళప్ప కట్టు కట్టిన చెయ్యితో వచ్చి నిలబడ్డాడు.

"నా చేతిలోనుంచి జారలేదప్పా. చేతిలోనే పగిలింది. ఒక్కరన్నా చూసినారా?"

అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

"నేను చూసినా చిన్నాయనా," అంది మునిలక్ష్మి. "చూసేదేంది, చేసిందే నేను. ముప్పై నిమిషాలు కాకముందే చీటీ తీసినా, నాగరాజన్న తీయమంటే. ఇదో."

జేబులోంచి చీటీ తీసింది. కట్టింది పదకొండు పది. విప్పింది పదకొండు పద్దెనిమిది.

"నిన్నంతా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుంటివేమే?" భాగీరథమ్మ మండిపడింది. అందరికంటే పాత మనిషి ఆమె. కాశ్మీరంలో పన్నెండేళ్ళు పనిచేసి వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి.

"భయపడితినక్కా."

"అది బయటపెడితే నీకూ గేటు బందే," అన్నాడు ఆవులప్ప. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మనకేల ఈ గలాటా? పర్మినెంటోళ్ళే నోరెత్తరు."

"నిన్న ఓబళప్ప, రేపు నువ్వు. అప్పుడెవురొస్తారు నీకు?" భాగీరథమ్మ అతనివైపు తిరిగింది. "ఒక మాట చెప్పప్పా. స్క్రీనుకు చీటీ ఎందుకు కట్టేది?"

"పగులుతాది గాబట్టి."

"మనం పగలమా?"

ఆవులప్ప ఓబళప్ప చేతికున్న కట్టు వంక చూశాడు. గ్లాసు కింద పెట్టి, "ఎన్ని చీటీలుండాయి మన దగ్గర?" అని అడిగాడు.

మరునాడు పొద్దున మొదటి విడత స్క్రీన్లు కాశ్మీరం నుంచి బల్లమీదికి చేరాయి. వాటికి చీటీలు కట్టారు. తర్వాత పదిమందీ ఒకరి మెడలో ఒకరు పసుపు చీటీలు కట్టుకుని, టైము రాసుకుని, బల్ల అంచున వరసగా కూచున్నారు.

నాగరాజ్ అరుస్తూ వచ్చాడు. "ఏందిది? లేయండి!" మునిలక్ష్మి భుజం పట్టి లాగబోయాడు. చీటీ కనబడింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ పసుపు రంగు చూసి ఆగిన చెయ్యి మరి! భాగీరథమ్మ పక్కున నవ్వింది.

మేనేజరు వచ్చాడు, వెనకే వెంకటరాయప్ప. మునిలక్ష్మి లేచి నిలబడకుండానే చెప్పింది. "ఓబళప్పను లోపలికి పిలిపించండి. తప్పు ఆయనది కాదని రాయండి. స్క్రీనుకిచ్చే ముప్పై నిమిషాలు మనిషికీ ఇయ్యండి."

"మనుషులకు అట్లాంటి రూలు లేదు," అన్నాడు మేనేజరు.

"లేదనే కదా సార్ కూచుండేది."

వెంకటరాయప్ప ఫోను తీసుకుని పక్కకు పోయాడు. నాగరాజ్ ఆమె దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "ఆ పాత చీటీ నాకిచ్చేయమ్మా. నిన్ను పర్మినెంట్ చేస్తామంటా ఉండారు. అది పైకి పోతే నన్ను తీసేస్తారు. ఊర్లో మీ నాయన ముందర ఎట్ల నిలబడేది నేను?"

అతని కళ్ళల్లో భయం ఆమెకు తెలిసిన భయమే. మొన్నటిదాకా తన కళ్ళల్లో ఉన్నదే. జాలేసింది.

"నిన్ను తొందర పెట్టినోళ్ళ పేరు చెప్పన్నా. చెప్పి, ఇట్లా వచ్చి మా పక్కన కూచో."

నాగరాజ్ బల్ల వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు. కూచోలేదు. చీటీ మళ్ళీ అడగనూ లేదు.

పోలీసులు వచ్చారు. ఈ గలాటాకు మూలం ఈమేనని వెంకటరాయప్ప మునిలక్ష్మిని చూపించాడు. "ఏళమ్మా, ఏళు!" అని కన్నడంలో గద్దిస్తూ మహిళా కానిస్టేబులు ఆమెను లేపింది. లేచేలోపే పాత చీటీ మునిలక్ష్మి చేతి నుంచి భాగీరథమ్మ చేతికి, అక్కడి నుంచి ఆవులప్ప చేతికి పోయింది. అడుసు తొక్కనన్న ఆవులప్ప దాన్ని చొక్కాలో దాచి గుండీ పెట్టుకున్నాడు.

మునిలక్ష్మిని ఎక్కించుకున్న జీపు గేటు దాటబోయింది. ఎదురుగా రెండో షిఫ్టు బస్సులు ఆగి ఉన్నాయి. దిగినవాళ్ళు మునిలక్ష్మి మెడలో పసుపు చీటీ చూశారు.

"ఏమప్పా, ఏమైంది?"

గేటు పక్కన నిలబడిన ఓబళప్ప చెప్పాడు. గట్టిగా చెప్పాడు. ఎనిమిది నిమిషాల సంగతి, బల్ల సంగతి, ఆ పిల్ల సంగతి. వింటూ ఉండగానే ఎవరో టీ అంగడిలోంచి బిస్కెట్ల అట్టపెట్టె తెచ్చి ముక్కలుగా చించారు. టైము రాసుకోవడానికి పెన్నులు చేతులు మారాయి. ఒక్కొక్కరే మెడలో అట్టముక్క వేసుకుని జీపు ముందర రోడ్డు మీద కూచున్నారు. పది మంది, ముప్పై, ఎనభై.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎస్సై దిగి లాఠీ ఊపాడు. "లేవండి! దారి వదలండి!"

జీపు లోపల మునిలక్ష్మి ఏడుస్తోంది, నవ్వుతోంది. ఓబళప్ప అందరి ముందుకూ వచ్చి, కట్టు చేత్తో అట్టముక్క సరిచేసుకుని రోడ్డు మధ్యలో కూచున్నాడు.

"ఇప్పుడే కట్టుకుంటిమి సార్," అన్నాడు. "ముప్పై నిమిషాలు కానీండి."