రెండో భాగం చివరి గంట

ఆ ఇంట్లో కొత్త కోడలికి మనుషులకంటే ముందు పరిచయమైంది ఒక చప్పుడు. సీడీ డబ్బా మూత తెరుచుకునే "టక్". ఆ వెనకే, మధ్యనున్న బొడిపె నుంచి సీడీ ఊడివచ్చే "టిక్". ఆ రెండిటి మధ్యా మామయ్య ఊపిరి బిగబట్టేవారు, సీడీ క్షేమంగా చేతికొచ్చాక హమ్మయ్య అని వదిలేవారు. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలో, వంటింట్లో కూరలు తరుగుతూ ఆ టక్కు, ఆ టిక్కు, ఆ హమ్మయ్య వరసగా వినపడితే ఆమెకు నవ్వాగేది కాదు.

ముందుగదికి గోడలున్నాయని నమ్మాల్సిందే తప్ప చూడ్డానికి వీల్లేదు. కింది నుంచి పైదాకా అరలు, అరల నిండా సీడీలు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు, వయొలిన్ కచేరీలు, పియానో కచేరీలు. గోడలు చాలక సోఫా వెనక కొన్ని, ఫోను బల్ల కింద కొన్ని. ఓ రోజు పంచదార డబ్బా కోసం చెయ్యి పెడితే నలుగురు వయొలిన్ వాళ్ళు నల్లకోట్లు వేసుకుని నవ్వుతూ చేతిలోకొచ్చారు.

"సవతి అంటే ఏ ఇంట్లోనైనా ఒక్కతే ఉంటుందే అమ్మాయ్. నాకు గోడ నిండా ఉన్నారు," అనేది అత్తయ్య.

మామయ్య బతుకంతా కళ్ళజోళ్ళ షాపు నడిపారు. ఇప్పుడది కొడుకు చూసుకుంటున్నాడు, అంటే కొత్త కోడలి మొగుడు. షాపు వదిలినా ఆయన వేళ్ళు ఆ పని వదల్లేదు. సీడీని అద్దంలాగే అంచుల మీద పట్టుకునేవారు. కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతోనే, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచేవారు.

"గుండ్రంగా రుద్దకూడదు తల్లీ. గుండ్రంగా రుద్దితే గీత కూడా పాటతోపాటే పరిగెడుతుంది. అడ్డంగా పడ్డ గీతైతే మిషను ఎగిరి దాటేస్తుంది," అని నేర్పారు.

ఆమె కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. పెళ్ళికి ముందు ఆమెకు తెలిసిన సంగీతమల్లా బస్సు డ్రైవరు పెట్టేదే. ఇప్పుడు కాలేజీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, కాఫీ కలుపుకుని, సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునేది. ఆ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకునే హక్కు అంతకుముందు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మామయ్య చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఒకే పాటని ఒక ఆర్కెస్ట్రా పెళ్ళికి పోతున్నట్టు వాయిస్తే, ఇంకోటి రైలు తప్పిపోతున్నట్టు వాయిస్తుందని ఆమె కనిపెట్టింది. కనిపెట్టిన ఆనందంలో ఆ సంగతి క్లాసులో చెప్పేసింది కూడా.

షాపు మూసి ఇంటికొచ్చిన మొగుడికి వీళ్ళిద్దరూ కళ్ళు మూసుకుని కనిపించేవారు.

"ఇంతకీ నువ్వు ఈ ఇంటికొచ్చింది నాకోసమా, నాన్న సీడీల కోసమా?"

"సీడీల కోసమే. నువ్వు సీడీ డబ్బాలో పెట్టి ఇచ్చే చిన్న పుస్తకంలాంటివాడివి. ఊరికే వచ్చావు."

"ఆ పుస్తకం ఎవరూ చదవరు."

"నేను రోజూ చదువుతున్నానుగా," అని ఆమె గొంతు తగ్గించి అనేది. అతను చెవులదాకా ఎర్రబడి చేతులు కడుక్కోవడానికి పోయేవాడు.

ఇలా చక్కగా సాగిపోతుండగా ఓ సాయంత్రం మామయ్య ఒకే పాట సీడీలు ఓ దొంతర తెచ్చి బల్ల మీద పెట్టారు. పాట ఒకటే, వాయించినవాళ్ళు వేరు. కొన్ని పాతవి. కొన్నిటికి ఇంకా ప్లాస్టిక్ కాగితం వాసన పోలేదు.

"ఈ పాటలో రెండో భాగం చివర వయొలిన్లన్నీ సన్నగా అయిపోతాయి. ఇక అయిపోయిందనుకుంటాం. అప్పుడు ఎక్కడో దూరంగా ఒక్కటంటే ఒక్క గంట మోగుతుంది. చిన్నది, వేలంత గంట. దానికోసమే నేనీ పిచ్చిలో పడ్డాను," అన్నారు.

పెట్టారు. రెండో భాగం చివరికొచ్చేసరికి ముందుకి వంగి, వేలు గాల్లోకెత్తారు. వయొలిన్లు సన్నబడ్డాయి. దారమంత అయ్యాయి. అప్పుడు మోగింది. నీళ్ళచుక్క మీద ఎండ పడినట్టు, చిన్నగా, తెల్లగా. ఆమెకి ఒళ్ళు జలదరించింది. అబ్బ అనబోయి మామయ్య వంక చూసింది.

ఆయన వేలు ఇంకా గాల్లోనే ఉంది. మూడో భాగం మొదలయ్యాక మెల్లగా దించారు.

"రాలేదు. చూశావుగా? దీంట్లోనూ లేదు. నీకేమైనా వినపడిందా?"

ఆ మొహం చూస్తే ఎవరికైనా అవుననబుద్ధి కాదు. పైగా పెళ్ళయి ఎన్నో రోజులు కాలేదు. వినపడిందంటే పెద్దాయన్ని తప్పుపట్టినట్టవుతుందేమో అనిపించి, ఆలోచించేలోగానే నోరు జారింది.

"లేదు మామయ్యా."

మర్యాదకి ఆడిన మాట. మర్నాడు భోజనాల దగ్గరే దాని కాళ్ళూ చేతులూ బయటపడ్డాయి.

"సీడీలు చచ్చిపోతున్నాయి," అన్నారు మామయ్య, అన్నం కలపకుండానే. "లోపల అల్యూమినియం పూత ఉంటుంది. దాన్ని తుప్పు తినేస్తుంది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి కాబోలు. మొన్నటిదాకా నా చెవులేనేమో అనుకున్నాను. కానీ అమ్మాయివి పడుచు చెవులు. దానికీ వినపడలేదు."

కోడలు ఎత్తిన ముద్ద కంచంలో దించేసింది. ఆయన సీడీల్ని కిటికీ వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి ఎందుకు చూస్తున్నారో, అదే పాట మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటున్నారో ఇప్పుడర్థమైంది.

"పాత సీడీల షాపాయనకి చెప్పాను. ఆదివారం వచ్చి మొత్తం తీసుకుపోతాడు. ఉన్నదున్నట్టే చెప్పాను, పాడవుతున్నాయని. బాగున్నవి ఏరుకుంటానన్నాడు. ఒక్కొక్కటీ పోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు."

సవతులు పోతున్నందుకు అత్తయ్య సంబరపడుతుందనుకుంటే, ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి ముందుగది వైపు చూసింది. "గోడ బోసిపోతుందండీ," అంది.

మర్నాడు కోడలు కాలేజీ నుంచి తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకి పోయింది. కళ్ళు పరీక్ష చేసే ఎత్తు కుర్చీలో కూలబడి, ఎదురుగా వెలుగుతున్న అక్షరాల బోర్డుకేసి చూస్తూ జరిగిందంతా చెప్పింది. మొగుడు చేతిలో సగం బిగించిన ఫ్రేముతో అలాగే నిలబడిపోయాడు.

"బయట కూర్చున్నప్పుడే బోర్డంతా బట్టీపట్టి, కనపడకపోయినా చదివేసేవాళ్ళని చాలామందిని చూశాం. నాన్న వాళ్ళకోసమే రెండో బోర్డు చేయించాడు. కనపడుతున్నా కనపడలేదన్నదానివి నువ్వొక్కదానివే."

"నువ్వు నవ్వావంటే ఈ కుర్చీలోనే ఏడుస్తాను."

"నవ్వట్లేదు. నాన్న చెవుల సంగతి నాకెప్పటినుంచో అనుమానమే. అమ్మతో అంటే ఏమందో తెలుసా? 'మీ నాన్నకి నా మాట పెళ్ళైన దగ్గర్నుంచీ వినపడట్లేదు, దాన్ని చెవుడనరు, కాపురమంటారు' అంది."

ఈసారి ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వయ్యాక ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు చెప్పు."

"నేను చెబితే 'ముందు షాపు సరిగ్గా చూసుకోరా' అంటాడు. నీమీద కోపం తెచ్చుకోవడం ఆయనకింకా అలవాటవలేదు. నువ్వే చెప్పు."

శనివారం సాయంత్రం మామయ్య అరల ముందు ముక్కాలిపీట వేసుకుని, డబ్బాల మీద దుమ్ము తుడుస్తున్నారు. పోయేవైనా శుభ్రంగా పోవాలిగా. కోడలు ఈసారి సోఫాలో కాళ్ళు ముడుచుకోలేదు. ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మామయ్యా, నాకు ఆ గంట వినపడింది."

గుడ్డ ఆగింది.

"ఎప్పుడు?"

"మీరు వినిపించిన రోజే. మీ మొహం చూసి వినపడలేదన్నాను."

ఆయన ఎదురుగా ఉన్న మనిషిని కాక, ఆ మనిషి వెనక గోడని చూస్తున్నట్టు చూశారు. చెవుల మాట కాదు, అబద్ధం మాట ముందు తగిలిందని ఆమెకు తెలిసింది.

"నేను నిన్నడిగింది మర్యాద కాదమ్మా," అన్నారు చివరికి. "గంట అడిగాను."

"తప్పయింది మామయ్యా."

"తప్పో ఒప్పో తర్వాత. ఇటు కూర్చో. గంట మోగగానే చెయ్యెత్తు."

మొదటి సీడీ పెట్టారు. పాట వంక కాకుండా ఆమె చేతి వంకే చూస్తూ కూర్చున్నారు. వయొలిన్లు సన్నబడ్డాయి, దారమయ్యాయి. ఆమె చెయ్యి లేచింది. ఆయనకి మాత్రం గదంతా నిశ్శబ్దం.

"ఎక్కడొస్తుందో నీకు తెలుసు కాబట్టి ఎత్తావు."

"అయితే నేను విననిది పెట్టండి."

ఆయన లేచి, పై అర వెనక వరసలోంచి వేరే పాట తీశారు. సీడీ పెట్టేముందు దాని పుస్తకం తెరిచి, ఆ పాటలో గంట దేని తర్వాత వస్తుందో తను చూసుకుని, ఆమెకి కనపడకుండా వెనక దాచుకున్నారు. షాపులో రెండో బోర్డు తిప్పినప్పుడు ఆయన మొహం ఇలాగే ఉండేదేమో! ఆమె కళ్ళు మూసుకుంది. పాట నడుస్తోంది. బాకాలొచ్చాయి, పోయాయి. డప్పులొచ్చాయి. ఆ గోలంతా సద్దుమణిగి, ఎవరూ ఊహించని చోట, పక్కింటి మెట్ల మీద తాళంచెవి జారిపడ్డట్టు టింగుమంది. ఆమె చెయ్యి పైకి లేచింది.

కళ్ళు తెరిచేసరికి మామయ్య పుస్తకం మూసేసి ఉన్నారు.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్క సీడీ పెట్టడం, ఆమె చెయ్యెత్తడం. టక్కు, టిక్కు, చెయ్యి. కొన్నిటిలో గంట గట్టిగా ఉంది, కొన్నిటిలో సిగ్గుపడుతున్నట్టుంది. ప్రతిసారీ చెయ్యి లేచిన చోట ఆయన తల చిన్నగా ఊపేవారు, ఎవరో ఎదురుపడి పలకరించినట్టు. షాపు నుంచి వచ్చిన మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్తయ్య తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇవి చావలేదన్నమాట," అన్నారు మామయ్య దొంతర మీద చెయ్యి వేసి.

"ఒక్కటి కూడా చావలేదు మామయ్యా."

"మోగుతూనే ఉందా, ఇన్నాళ్ళూ?"

"మోగుతూనే ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిన్నగా కాదు, గుండ్రంగా, గజిబిజిగా. అత్తయ్య ఉన్నట్టుండి, "అయితే నా మాటలు కూడా..." అని మొదలుపెట్టింది.

"నీవి వినపడతాయి," అన్నారాయన అటు తిరగకుండానే. "అవి నేనే వినను."

"చూశావుటే!" అంది అత్తయ్య కోడలితో. కానీ ఆవిడ గొంతులో తిట్టు లేదు.

ఆదివారం పాత సీడీల షాపాయన ఖాళీ అట్టపెట్టెలతో దిగాడు. జబ్బు సీడీలది కాదని, అమ్మడం లేదని మామయ్య చెబితే, "సీడీలకేం జబ్బు సార్! మీరు చెప్పారే గానీ అడగలేదు, అడిగుంటే మొన్నే చెప్పేవాణ్ణి కదా," అన్నాడు. కాఫీ తాగి, తనే ఓ సీడీ ఇచ్చి, పెట్టెలు పట్టుకుని పోయాడు. అరల్లో పెట్టడానికి చోటు లేక అత్తయ్య దాన్ని పంచదార డబ్బా వెనకే పెట్టింది.

చెవుల డాక్టరు దగ్గరికి రానని మామయ్య మారాం చేశారు. జలుబన్నారు. మబ్బు పట్టిందన్నారు. షాపులో కొడుక్కి చెయ్యిసాయం కావాలన్నారు. కొడుకు అక్కర్లేదన్నాడు. చివరికి కోడలు చెప్పుల జత తెచ్చి గుమ్మంలో పెట్టి పక్కనే నిలబడింది. కళ్ళజోడుకి సిగ్గుపడే జనాన్ని బతుకంతా బుజ్జగించిన మనిషి ఇక ఏ మొహంతో రానంటారు? వచ్చారు.

అక్కడ చెవులు పరీక్షచేసే అమ్మాయి ఆయన్ని గాజుకిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. తలుపేసి, ఇవతల మిషను ముందు కూర్చుంది. కోడలు ఆ అమ్మాయి వెనక నిలబడింది.

మామయ్య చకచకా నొక్కుతున్నారు. అమ్మాయి మెచ్చుకున్నట్టు రాసుకుంటోంది. కోడలికి అనుమానమొచ్చింది. ఆయన చూపు ఎక్కడుందో గమనించింది. గాజులోంచి ఆ అమ్మాయి భుజం మీదే ఉంది. అమ్మాయి మీట నొక్కినప్పుడల్లా భుజం కొంచెం కదులుతోంది. భుజం కదలగానే ఈయన నొక్కుతున్నారు. బయట కూర్చుని బోర్డు బట్టీపట్టేవాళ్ళకి గురువు దొరికాడు!

కోడలు మెల్లగా చెయ్యెత్తింది.

లోపల మామయ్య వేలు బటన్ మీద ఆగింది. ఆమెని చూశారు. దొరికిపోయిన దొంగ నవ్వొకటి మీసాల కిందినుంచి మొహమంతా పాకింది. కోడలు చెయ్యి దించలేదు. ఆయన సరే సరే అన్నట్టు తలూపి, కుర్చీలో సర్దుకుని, కళ్ళు మూసుకున్నారు.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టగలరా అండీ?" అని అడిగింది కోడలు.

అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. మామయ్య నొక్కారు. ఆగారు. నొక్కారు. ఈసారి ఆగడాలు పొడుగవుతున్నాయి. ఆ అమ్మాయి భుజం కదులుతూనే ఉంది, లోపల బటన్ కదలటం లేదు. ఆయన మాత్రం రెండో భాగం చివర కూర్చున్నట్టే, ముందుకి వంగి, ఓపిగ్గా వింటున్నారు. కోడలు గాజుకి నుదురానించి ఆయనతోపాటు ఎదురుచూసింది.