ఎర్రగీతకి అవతల రాసినవి

"నీకింక దుకాణానికి రావలసిన పనే లేదు," అన్నాడు ఆయన, వరమిచ్చినంత ధీమాగా.

ఆమె అప్పుడు దుప్పటి పిండుతోంది. ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస రెండు చేతులా పట్టి మెలి పెడుతోంది. అవతల కొస పట్టడానికి ఇంకో మనిషి ఉంటే కుళాయి అవసరం ఉండదు. ఆయన గుమ్మంలో నిలబడే మాట్లాడాడు. "అంతా క్లౌడులో పెట్టేస్తున్నాం. కొలతలు, ఆర్డర్లు, ఇవ్వాల్సిన తేదీలు, అన్నీ. ఫోన్లో కనిపిస్తాయి. కొత్తవాళ్లుంటే కొలతలకి ఇంటికే పంపిస్తాను. ఇంట్లో కూర్చుని హాయిగా చేసుకోవచ్చు." ఇంట్లో కూర్చోవడం అన్న మాట ఆమెకి కొత్తగా వినిపించింది. పెళ్లయి వచ్చిన ఈ ఇరవై రెండేళ్లలో ఈ ఇంట్లో తను ఎప్పుడు కూర్చుందో గుర్తు చేసుకోబోయింది. దుప్పటి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి.

అది ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. బోర్డు మీద ఉండేది మామగారి పేరు. ఆయన పోయాక పెత్తనం భర్తది. బజారుకి ఆ చివర తెరిచిన రెండో దుకాణం మరిది చూసుకుంటాడు. కొలతలు తీసేది మాత్రం ఆమె ఒక్కతే. టేపు మెడలో వేసుకుని తిరుగుతుంది కాబట్టి వచ్చేపోయేవాళ్లు ఆమెని టేపు అక్క అంటారు. జీతం లేదు. "మన దుకాణానికి మనం జీతం తీసుకుంటామా?" అని అత్తగారు ఒకసారి నవ్వుతూ అన్నది, అంతే, మళ్లీ ఆ మాట రాలేదు.

కొలతల పుస్తకాలు పద్నాలుగున్నాయి. ప్రతి పేజీకీ కుడిపక్క ఎర్రగీత. గీతకి ఇవతల అంకెలు, అవతల ఆమె చీమల్లాంటి అక్షరాలతో రాసుకున్న మాటలు. పరదా వెనక, ఒంటి చుట్టూ టేపు తిరుగుతున్నప్పుడు ఆడవాళ్లు మాట్లాడతారు. ఎదురుగా ముఖం ఉండదు కదా, వీపు వైపు నిలబడ్డ మనిషికి చెప్పడం తేలిక. ఆమె ఊ కొడుతుంది, ఎదురు ప్రశ్న వెయ్యదు. తర్వాత గీతకి అవతల రాసుకుంటుంది, కుట్టేటప్పుడు కావాలి కాబట్టి. 'మోచెయ్యి దిగాలి, కాలిన మచ్చ.' 'మూడో నెల, ఇంట్లో ఇంకా చెప్పలేదు.' 'లోపల చిన్న జేబు, ఆయనకి కనబడకూడదు.' పుస్తకం మూస్తే ఆ మాటలు మూసుకునేవి. సొరుగు తాళంచెవి ఆమె నడుముకే ఉండేది.

క్లౌడు పెట్టించడానికి కంపెనీ నుంచి నడివయసు మనిషి ఒకాయన వచ్చాడు. ఇంట్లో అందరూ ఆయన్ని కంప్యూటరాయన అన్నారు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు, ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. రెండు దుకాణాలూ ఒకటే అయినట్టు నడుస్తాయన్నాడు. కప్పు కారినా, అగ్గి పడ్డా, చెదలు పట్టినా ఒక్క అక్షరం పోదన్నాడు. అప్పుడామె తలుపు పక్కనుంచి ఒక అడుగు ముందుకు వేసింది. కిందటి వానలకి కప్పు కారి రెండు పుస్తకాలు ముద్దయిపోతే, ఇస్త్రీపెట్టెతో ఒక్కొక్క కాగితం ఆరబెట్టింది తనే. ఆ బాధ ఉండదంటే మంచిదే అనుకుంది.

"ఎవరెవరికి ఏ అధికారం ఇవ్వమంటారు?" అని అడిగాడు కంప్యూటరాయన. "మీరు ఓనరు. మీ తమ్ముడుగారు మేనేజరు. మరి మేడమ్‌గారు?"

"ఆవిడకెందుకండీ అవన్నీ. ఎక్కిస్తే చాలు," అన్నాడు భర్త.

ఎంట్రీ అని ఆమె పేరు పక్కన పడింది.

పద్నాలుగు పుస్తకాలు బొటనవేలితో ఎక్కించడానికి నలభై రోజులు పట్టింది. కుక్కర్ మూడో కూత వేసేలోపు రెండు పేజీలు. అత్తగారి మోకాళ్లకి నూనె రాసి, చెయ్యి తుడుచుకుని ఒక పేజీ. బట్టలు ఆరేసి వచ్చి ఒక పేజీ. మధ్యలో ఫోన్లు. "వదినా, ఆ పొడుగావిడ భుజం ఎక్కించావా?" "ఏంటి, ఇంకా ఆరో పుస్తకమేనా?" ఇదివరకు దుకాణం ఏడు గంటలకి మూతపడేది. ఇప్పుడది ఆమె చేతిలో పట్టేంత అయింది, మూతపడటం మానేసింది. తలనొప్పి వచ్చి కళ్లు మూసుకుంటే కనురెప్పల వెనక కూడా అంకెలే. "ఇంట్లోనే ఉంటుందిగా, దానికేం పని," అని అత్తగారు పక్కింటావిడతో అనడం వంటగదిలోకి వినిపించింది. ఆ మాటలో దురుద్దేశం కూడా లేదు. ఆవిడకి నిజంగానే అలా కనిపించింది.

ఎర్రగీతకి అవతలి మాటల దగ్గర మొదటిరోజే ఆగింది. ఇవి కూడా ఎక్కించాలా అని అడిగింది. "ఉన్నది ఉన్నట్టు ఎక్కించు, ఒక్క ముక్క వదలకు. కటింగ్ వాళ్లకి తెలియొద్దా?" అన్నాడాయన, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా. ఫోన్లో 'ప్రత్యేక సూచనలు' అని ఒక గడి ఉంది. అక్కడ రాసింది. తప్పు అక్కడే జరిగింది. ఫోను ఆపితే ఆ గడి కూడా పుస్తకంలాగే మూసుకుంటుందనుకుంది.

లాభం లేదనడానికి లేదు. వేరే ఊరికి బదిలీ అయిపోయిన నర్సొకావిడ దుకాణం గడప తొక్కకుండానే మూడు గౌన్లు కుట్టించుకుంది. సరిగ్గా సరిపోయాయని ఫొటో పంపింది. ఆ ఫొటో ఆమె రెండుసార్లు చూసుకుంది. తన చేతి కొలత అంత దూరం నడిచి వెళ్లినట్టనిపించింది. ఆ పూట వంట చేస్తుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది.

ఆ తేలిక నాలుగు రోజులే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆమె వడ్డిస్తోంది. మరిది ఎడం చేత్తో ఫోను పైకీ కిందికీ జరుపుతూ ఫక్కున నవ్వాడు.

"వదినా, ఏం రాశావు వదినా ఇదంతా! వారపత్రికల్లో సీరియల్ ఎందుకు పనికొస్తుంది దీని ముందు!"

"ఏంట్రా అది?" అన్నది అత్తగారు.

"మన టీచరమ్మ లేదూ, కర్ర మింగినట్టు నడుస్తుంది? విను. 'ఎడమవైపు ఆపరేషన్. లోపల దూది మెత్త కుట్టాలి. కూతురికి కూడా తెలియదు.' హమ్మో! ఇదా సంగతి! ఇన్నాళ్లూ సగం దూదికా మనం దండాలు పెట్టింది!"

తోడికోడలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "ఛీ, ఊరుకోరా, తినేటప్పుడు," అన్నది అత్తగారు, అంటూనే ఆవిడ పెదవి వంకర తిరిగింది. భర్త నవ్వలేదు. "మన కస్టమర్ల సంగతి మనకి తెలియడం మంచిదేగా," అన్నాడు, దుకాణం గురించి మాట్లాడేటప్పటి గొంతుతో.

"ఇది ఎవరెవరికి కనిపిస్తుంది?" అని అడిగింది ఆమె.

"అందరికీను. అన్నయ్యా నేనూ కాక కటింగ్ మాస్టర్లు నలుగురు. ఆరు ఫోన్లలో ఉంది వదినా. నీకూ ఉందిగా!" అని మరిది కంచం ముందుకి జరిపాడు. "ఇంకొంచెం కూర వెయ్యి."

ఆమె కూర వేసింది.

గిన్నెలు కడగకుండా అలాగే వదిలేసి, పెరటి మెట్టు మీద ఫోను తీసింది. టీచరమ్మ పేరు తెరిచి ఆ గడి చెరపబోయింది. తమకు ఆ అధికారం లేదు అని వచ్చింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. ఎక్కించడానికి నలభై రోజులు పనికొచ్చిన వేలు ఒక్క మాట చెరపడానికి పనికి రాలేదు. కంప్యూటరాయనకి ఫోను చేసింది. ఆదివారమైనా ఆయన విసుక్కోకుండా మాట్లాడాడు.

"ఎంట్రీ వాళ్లు తీసెయ్యలేరమ్మా. మార్చగలరు. కానీ మార్చినా పాతది లోపల ఉంటుంది, ఓనరుగారు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. మా దాంట్లో ఏదీ పోదమ్మా, అదే దాని గొప్ప."

"పోవాలంటే?"

"ఓనరుగారు చెప్పాలి. లేదా ఆ కస్టమరే స్వయంగా రాసివ్వాలి, నా వివరాలు తీసెయ్యండి అని. సంతకంతో వస్తే పాత కాపీలతో సహా తీసెయ్యాల్సిందే, ఓనరుగారు వద్దన్నా సరే. అది మా కంపెనీ నిబంధన." ఆయన చిన్నగా నవ్వాడు. "అయినా ఎవరడుగుతారమ్మా? అక్కడ ఉన్నట్టు వాళ్లకి తెలిస్తేగా!"

సాయంత్రం టీ ఇస్తూ భర్తతో చెప్పింది. ఏమండీ, ఆ గడిలోవి తీయించెయ్యండి, అంకెలు చాలు, మిగతావి నేను మాస్టర్లకి నోటితో చెప్తాను అంది. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన ముందు జాలిగా చూస్తాడు, తర్వాత విసుక్కుంటాడు.

"నలభై రోజులు ఎక్కించి ఇప్పుడు తీయమంటావేంటి? రేపు నీకు జ్వరమొస్తే? నువ్వు లేకపోయినా దుకాణం నడవాలనే కదా ఇదంతా!"

"ఎవరికీ చెప్పనని వాళ్లకి మాటిచ్చానండీ."

"నువ్వు మాటిస్తే అది దుకాణం ఇచ్చినట్టా?" అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

కోపంతో అన్నది కాదు. నీళ్లు తెచ్చిపెట్టు అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె ఖాళీ కప్పు కోసం నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ పరదా వెనక తనతో మాట్లాడినవాళ్లంతా దుకాణంతో మాట్లాడుతున్నామనుకున్నారా, తనతో అనుకున్నారా? వాళ్లు బోర్డు చూసి రాలేదు. టేపు అక్క లేదంటే రేపొస్తామని వెళ్లిపోయేవాళ్లు. నువ్వు లేకపోయినా నడవాలి అన్నాడు. కొలత తీసే చెయ్యి, రాసే చెయ్యి, ఎక్కించే వేలు అన్నీ దుకాణానివే అట. సిగ్గు ఒక్కటే తన వాటాకి వచ్చింది. ఆ నవ్వు మధ్యలో గరిటె పట్టుకు నిలబడ్డ సిగ్గు. కప్పు కడుగుతూ ఆ గడిలో మాటలున్న పేర్లు మనసులో వరసపెట్టుకుంది. కప్పు ఎప్పుడో తెల్లబడింది, తోముతూనే ఉంది. అరవై మూడు.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ బడికి బయల్దేరుతూ జుట్టు ముడేసుకుంటోంది. గదిలో పుస్తకాలు, ఒక మంచం, కిటికీ మీద రెండు మొక్కలు. టీచరమ్మ కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది, నిన్నటి భోజనాల దగ్గర మరిది అన్న మాటతో సహా, ఒక్కటి మింగకుండా.

టీచరమ్మ చేతులు జుట్టులోనే ఆగిపోయాయి.

"మీరు నవ్వారా?"

"లేదు టీచరమ్మా."

"ఆపారా?"

ఆమె నేల చూసింది. "కూర వడ్డించాను."

బయట ఎవరో సైకిలు బెల్లు కొడుతూ పోయారు. టీచరమ్మ ముడి పూర్తి చేసి పిన్ను పెట్టుకుంది. "నా కూతురికి నేనే చెప్పుకుందామనుకున్నాను, దాని పరీక్షలయ్యాక," అంది. "మీకు చెప్పడానికే నాకు మూడు జాకెట్లు పట్టింది, తెలుసా? మొదటి రెండూ వదులుగానే తొడుక్కున్నాను."

"తెలుసు. రెండోసారి కొలత తీసినప్పుడే నాకు తెలిసింది. మీరు చెప్పేదాకా అడగలేదు."

టీచరమ్మ ఆమె వంక చూసింది. కోపం పోలేదు, కానీ ఆ చూపు ఇప్పుడు దుకాణం మీదకి కాకుండా ఎదురుగా ఉన్న మనిషి మీదకి వచ్చింది. కంప్యూటరాయన చెప్పిన నిబంధన ఆమె చెప్పింది. టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని కాగితం తీసి, బడిలో నల్లబల్ల మీద రాసేటంత గుండ్రంగా నాలుగు వరసలు రాసి సంతకం పెట్టింది.

"మిగతావాళ్లకి?"

"ఇంకా అరవై రెండిళ్లు. రోజుకి రెండో మూడో తిరుగుతాను."

"మీ ఇంట్లో ఊరుకుంటారా?"

"ఊరుకోరు."

"దుకాణం పేరు పోతుంది."

"పోవచ్చు." "అలిసిపోయాను టీచరమ్మా. అలిసిపోయి చేస్తున్నాను, ధైర్యం ఉండి కాదు."

టీచరమ్మ కాగితం మడిచి ఇవ్వబోతూ ఆగింది. "ఈ అరవై మూడులో మీరున్నారా?"

ఆమెకి ఆ ఆలోచనే రాలేదు. తన బట్టలు తనే కుట్టుకుంటుంది, మూడో పుస్తకంలో తనకీ ఒక పేజీ ఉంది. 'మూడో నెల, నడుము రెండంగుళాలు వదలాలి.' దాని కింద, అయిదు వారాలు తిరక్కుండా, 'వదలక్కర్లేదు.' ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే బడి పిల్లల గౌన్లు పదకొండు కత్తిరించింది. "ఇలాంటివి అందరికీ అవుతాయిలే," అన్నది అత్తగారు. ఆయన ఏమన్నాడో గుర్తు లేదు, ఏమీ అని ఉండడు. నెల కిందట ఆ రెండు వరసలూ ఎక్కిస్తున్నప్పుడు వేలు ఆగను కూడా ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. ఆరు ఫోన్లలో ఉంది అది కూడా. మరిదికి ఇంకా కంటపడలేదు, అంతే.

"అయితే అరవై నలుగురు," అంది.

టీచరమ్మ ఏమిటని అడగలేదు. లేచి తన కుర్చీ ఖాళీ చేసి, తెల్లకాగితం ముందు పెట్టింది. ఆమె కూర్చుంది. నా గురించి మీ దగ్గరున్నది పాత కాపీలతో సహా తీసెయ్యవలసింది అని రాసింది. సంతకం కింద అలవాటుగా 'ఓనరుగారి భార్య' అని మొదలుపెట్టి, కొట్టేసి, 'కస్టమరు' అని రాసింది.