విజిలెంటు గారి డబ్బా

మొగుడి చొక్కాకి బిళ్ళ గుచ్చి, పాత గుడ్డతో తళతళలాడేలా తుడిచిందామె. తుడవకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు మరి! బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉండే ఈ మహానుభావుడికి మేనేజరు ఇచ్చిన బిళ్ళ అది. దానిమీద ఇంగ్లీషులో 'విజిలెంట్' అని ఉంది. అర్థమేమిటని అడిగితే "కళ్ళలో ఒత్తులేసుకుని కాపలా కాసేవాడు" అన్నాడట మేనేజరు. గుండీలు కుట్టే ఆడవాళ్ళు మాత్రం "విజిల్ ఊదుతాడు కనక విజిలెంటు" అని నవ్వుకుంటారు. బిళ్ళ వచ్చిన దగ్గర్నుంచి మనిషి నేలమీద నడిస్తే ఒట్టు. పాలు పొంగితే "విజిలెంటుగా ఉండొద్దూ?" ఆమెకి జ్వరమొస్తే "విజిలెంటుగా ఉంటే ఎందుకొస్తుందే?"

ఆమె కూడా ఆ ఫ్యాక్టరీలోనే గుండీలు కుడుతుంది. కొన్నాళ్ళుగా తన సామానంతా కొంచెం కొంచెంగా చేతిసంచిలో వేసుకుని, పని దిగాక అక్కగారింటికి చేరవేస్తోంది. బట్టలు, దుప్పటి, కత్తెర వెళ్ళిపోయాయి. ఇవాళ అమ్మ ఫొటో. అతను తినే బల్లకి ఎదురుగానే వేలాడేది. పొద్దున గోడ బోసిగా ఉన్నా తల ఎత్తి చూడలేదు. ఇదొక్కటీ గేటు దాటితే ఆమె ఇక ఆ ఇంటి గడప తొక్కదు. పట్టుబడితే జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్తాడు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె వంతు వచ్చేసరికి సంచి చంకలో ఇరికించుకుంది.

"ఏం పట్టుకెళ్తున్నావే?"

"మా అమ్మ ఫొటో అండీ."

ఫొటో తిరగేసి, వెనక అట్టమీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"గుండీలేమన్నా దాచావా?"

"లేదండీ."

"పెళ్ళామైనా సరే, నా దగ్గర ఆ పప్పులుడకవు. పద పద, వెనక జనం ఉన్నారు."

ఇన్నాళ్ళూ ఇదే తంతు. ఫ్యాక్టరీ గుండీ కాకపోతే చాలు, కొంప ఖాళీ అయినా పట్టదు. ఆమెకి భయం పోయి అసహ్యం వేసింది. ఛీ, ఈ దద్దమ్మకా ఇన్నేళ్ళూ హడలి చచ్చింది!

రోజూ గేటు పక్కన అతని బల్లమీది ఖాళీ టిఫిన్ డబ్బా తీసుకెళ్ళేది ఆమే. ఇవాళ ముట్టుకోలేదు. రోడ్డు దాటి బస్సు కోసం నిలబడింది.

ఇంతలో వెనక విజిల్ మోగింది. పట్టుబడ్డాననుకుంది. తిరిగి చూసింది.

"ఎవరిదయ్యా ఈ డబ్బా? బాంబేమో, ఎవరూ ముట్టుకోకండి! జరగండి, జరగండి!" అంటూ వాడు రెండు చేతులూ చాచి జనాన్ని వెనక్కి తోస్తున్నాడు.

నవ్వు ఆపుకోలేక సంచి అడ్డం పెట్టుకుని బస్సెక్కిందామె.

ఒకప్పుడు ఉప్పు తక్కువైందని వాడే గోడకేసి కొట్టినప్పుడు పడ్డ సొట్టతో, డబ్బా బల్లమీద అలాగే ఉంది.