తంబాకు అర్రల పుస్తకాలు

పుస్తకాలు బడి కిటికీలకెల్లి బయట పడుతున్నయి. ముందుగాల ఒకటి పడ్డది, ఎన్కనే పది, ఆ తర్వాత కట్టలకు కట్టలే. కింద మోరి. రెండొద్దుల సంది కొట్టిన వానకు మోరి నిండ బురద.

రోడ్డుకు ఇవతల బీడీల షెడ్డుల కూసున్న కొమురవ్వ చేతిల తునికాకు సగం చుట్టినకాడనే ఆగింది. షెడ్డుల అరవై మంది ఆడోళ్లు. అరవై కత్తెర్లు ఒక్కసారి ఆగినయి. ఇంట్ల పీనుగు లేచిన రెండో దినమే వచ్చి, ఒక చేత్తోని కండ్లు తుడుసుకొని ఇంకో చేత్తోని ఆకు కత్తిరించిన మనుషులు వాళ్లు. పొద్దుగూకకముందు గా షెడ్డుల కత్తెర్ల సప్పుడు ఆగుడు ఎవ్వరు ఎరుగరు.

పుస్తకాలు ఇసిరేస్తున్నది మున్షీ రాజనర్సు. బీడీల టేకేదారు రాజేంద్రప్రసాద్ సేటు మనిషి. ఇంకో నలుగురు ట్రాలీ ఆటోలకెల్లి తంబాకు బస్తాలు దించి అదే అర్రలకు మోస్తున్నరు. సేటు కారు దిగలేదు. అద్దం దించుకొని సూస్తున్నడు.

పదో తరగతి చదివే సాయిమా తలుపుకు అడ్డం నిలవడ్డది.

"గిది మా లైబ్రరీ. సర్కారు బడి అర్ర. మీ గోదాం కాదు."

రాజనర్సు ఆ పిల్ల జెడ వట్టి గుంజి చెంప మీద కొట్టిండు. పిల్ల మెట్ల మీద బోర్ల పడ్డది. పెదవి పగిలి తెల్ల చున్నీ మీద నెత్తురు కారింది.

"నా బిడ్డ!" అని కొమురవ్వ పక్కన కూసున్న షమ్షున్నీసా ఒక్క ఉరుకు ఉరికింది. ఒళ్లె ఉన్న చాట ఎగిరి తంబాకు అంత నేలపాలైంది. ఎన్కనే తక్కినోళ్లు సుత ఉరికిన్రు. కొమురవ్వ లేవాలనుకున్నది. కాళ్లు లేవలేదు. సేటు కారుల ఉన్నడు, సేటు సూస్తున్నడు. గా సూపుకు ముప్పై ఏండ్ల సంది భయపడ్డ కాళ్లవి.

ఒక్క అర్ర కోసం గింత పగ ఎందుకు పుట్టింది?

మోదుగుబండ సిద్దిపేటకు పది పన్నెండు కిలోమీటర్లుంటది. మొగోళ్లల్ల సగం మంది భివండి మగ్గాల మీద, సగం మంది గల్ఫుల. ఊర్లె మిగిలింది ఆడోళ్లు, బీడీలు, దగ్గు. సర్కారు బడిల ఎనిమిది అర్రలుంటె రెండు కురుస్తయి, ఒక దాంట్ల సేటు తంబాకు ఉండేది. ఎప్పటి సంది ఉన్నదో హెడ్మాస్టరుకే తెల్వదు. పక్క అర్రల పిల్లలు ముక్కుకు చున్నీలు అడ్డం పెట్టుకొని పాఠం ఇనేటోళ్లు.

రెండేండ్ల కింద తెలుగు చెప్పే ప్రవీణ టీచర్ వచ్చింది. వచ్చిన నెలకే గా వాసన సంగతి అడిగింది. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, పిల్లల తల్లులను తీస్కొనిపోయి, ఆఖరికి అర్ర ఖాళీ చేయించింది. బడికి ఎప్పుడో వచ్చిన పుస్తకాలు మూట ఇప్పకుంట బీరువ మీద చెదలు పట్టి ఉంటె దించింది. సిద్దిపేటల పాత పుస్తకాల దుకాణాలు తిరిగింది, ఇల్లిల్లు తిరిగింది. పిల్లలు గోడలకు సున్నం ఏసిన్రు. తంబాకు అర్ర లైబ్రరీ అయింది.

పుస్తకం ఇంటికి తీస్కపొమ్మన్నది టీచర్. ఇంట్ల చదువ తీరిక ఏడున్నది? బడి ఇడిసినంక ఆడపిల్లలు షెడ్డుకు వచ్చి తల్లుల పక్కన ఆకు కత్తిరియ్యాలె, దారం కట్టాలె. ఒకనాడు సాయిమా కత్తెర పక్కన వెట్టి, "అమ్మీ, నువ్వు చుట్టు. నేను చదువుత" అన్నది. చదివింది. ఒక చాకలామె తన గాడిదను గుంజుకపోయిన పటేలు ఇంటి ముంగట ఎట్ల కూసున్నదో, గా కథ. అరవై మంది చెవులు గటే పడ్డయి. ముసలి కిష్టవ్వ, "ఆపినవేందే? గాడిద దొరికిందా లేదా?" అని లొల్లి పెట్టింది.

అట్ల దినాం నాలుగింటి సంది ఆరింటి దాక చదువుడే. కొమురవ్వ బిడ్డ స్నిగ్ధ ఎనిమిదో తరగతి, ఆమె సుత వంతు తీసుకునేది. కథలు అయినయి. రాణుల చరిత్రలు అయినయి. ఒకనాడు లైబ్రరీల సన్న పుస్తకం దొరికింది, బీడీ కార్మికుల చట్టం. ఇంతమంది ఆడోళ్లు పని జేసేకాడ తాగ నీళ్లుండాలె, పాయఖాన ఉండాలె, సంటి పిల్లలకు అర్ర ఉండాలె అని దాంట్ల రాసి ఉన్నది.

పాయఖాన లేక పొద్దుగాల సంది గుటికెడు నీళ్లు తాగకుంట కూసునేటోళ్లు. మూత్రంల మంట లేని ఆడిది ఒక్కతి లేదు అండ్ల. గది తమ రాత అనుకున్నరు. రాత కాదు, ఒకడు ఎగవెట్టిన చట్టం అని అప్పుడు తెలిసింది.

షమ్షున్నీసానే అడిగింది సేటును. "సేట్ సాబ్, షెడ్డుకు పాయఖాన కట్టియ్యున్రి."

"ఎవరు చెప్పిన్రే?"

"కితాబుల ఉన్నది."

ఏ కితాబో సేటు అడుగలేదు. రోడ్డుకు అవతల బడి దిక్కు సూసిండు.

వారం దినాలల్ల ప్రవీణ టీచరుకు అక్కన్నపేట దిక్కు బదిలీ ఆర్డర్ వచ్చింది. పోయినంక రెండో దినమే హెడ్మాస్టరు అర్ర తాళంచెవి సేటు చేతుల పెట్టిండు. మూడో దినం పుస్తకాలు మోరిల పడ్డయి.

గా దినం పగటీలి నీళ్ల ట్యాంకు కాడ ఆడోళ్లంత కూడిన్రు. ఆడపిల్లలు మోరిలకెల్లి పుస్తకాలు తీసి నల్ల కింద కడుగుతున్నరు. కొన్ని కాయితాలు ముట్టుకుంటెనే చేతులకు వస్తున్నయి.

"నా బీడీ కార్డు సేటు చేతులున్నది," అన్నది కిష్టవ్వ. "రేపు ఆకు ఇయ్యకుంటె ఏం తినాలె? గీ పుస్తకాలు నములుదామా?"

"ముప్పై సాల్ల సంది ఆకు ఇచ్చిండు గదా కిష్టవ్వా, ఏం మిగిలింది నీకు?" షమ్షున్నీసా బిడ్డ పెదవికి తడిగుడ్డ అదుముతున్నది. "నీ దగ్గు మిగిలింది. నా మర్దు భివండిల సచ్చిండు, ఖబురు చదివేటోళ్లు లేక మూడొద్దులు గా కాయితం చెంగుల కట్టుకొని తిరిగిన. నా బిడ్డ అట్ల తిరగద్దు."

"వాడు రాజనర్సు గూడ మన కులపోడే," ఎవరో గొణిగిన్రు. "పెద్దమనుషులకు చెప్పి మందలిద్దాం."

"కులపోడైతె కొట్టిన దెబ్బ తియ్యగుంటదా?" అని ఇంకొకామె లేచింది. "మన కులం ఆకు చుట్టుడు. వాని కులం చుట్టిచ్చుకునుడు."

మాటకు మాట పెరిగింది. స్నిగ్ధ తడిసిన పుస్తకం ఒకటి రొమ్ముకు అదుముకొని తల్లి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, పొద్దుగాల అందరు ఉరికిన్రు. నువ్వెందుకు రాలే?"

కొమురవ్వకు చెంప మీద కొట్టినట్టైంది. బిడ్డ మొఖం దిక్కు సూడలేకపోయింది. సూడకుంటనే లేచి నిలవడి అన్నది: "రేపు ఎవ్వరు ఆకు ముట్టద్దు. అర్ర తాళం నేను వలగ్గొడుత."

తెల్లారి తొమ్మిదింటికి అరవై మంది ఆడోళ్లు, ఎన్క నలభై మంది ఆడపిల్లలు బడి గేటు దాటిన్రు. కొమురవ్వ చేతుల రోకలి. మూడు దెబ్బలకు తాళం ఎగిరి పడ్డది. ఆడోళ్లు తంబాకు బస్తాలు ఒక్కొక్కటి గుంజి బయటేస్తుంటె పిల్లలు ఒకలకొకలు అందిచ్చుకుంట పుస్తకాలు లోపలికి పెడుతున్నరు. హెడ్మాస్టరు తన అర్రల గొళ్లెం పెట్టుకున్నడు.

పావుగంటల రెండు జీపులు వచ్చినయి. పదిహేను మంది దిగిన్రు, కట్టెలు, ఇనుప పైపులు. ముందుగాల రాజనర్సు.

"లంజల్లారా, సేటు సొమ్ము రోడ్డు మీద పడేస్తరా!"

మొదటి దెబ్బ కిష్టవ్వ భుజం మీద పడ్డది. బొక్క ఇరిగిన సప్పుడు అందరికి ఇనవడ్డది. రెండో దెబ్బ పుస్తకాలు మోస్తున్న ఒక పిల్ల చేతుల మీద. ఇగ తల్లులు ఆగలేదు. ఒకామె బస్తా చింపి దోసెడు తంబాకు కట్టె ఎత్తినోని కండ్లల్ల కొట్టింది. అంతే, అరవై దోసిళ్లు లేచినయి. వాళ్ల ఊపిరితిత్తులు తిన్న దుమ్ము తిరిగి సేటు మనుషుల కండ్లల్ల పడ్డది. ఇద్దరు గుండాలు కండ్లు మండి గోడకు గుద్దుకున్నరు. ఒకని కట్టె గుంజుకొని వాన్నే కొట్టిన్రు. వాడు పండ్లు ఉమ్మేసుకుంట గేటు దిక్కు పాకిండు.

రాజనర్సు పైపు ఎత్తుకొని సాయిమా దిక్కు ఉరికిండు. షమ్షున్నీసా నడుమ అడ్డం వచ్చింది. పైపు నెత్తి మీద పడ్డది. ఒక్కసారి కాదు. ఆమె గడప మీద ఒరిగినంక సుత కొట్టిండు. మూడోసారి కొట్టంగ కొమురవ్వ రోకలి వాని మోకాలు మీద పడ్డది. వాడు కూలబడ్డడు. ఆడోళ్లు మీద పడ్డరు. సేటు మనుషులు వాన్ని గుంజి జీపుల ఎక్కించుకొని పోయినంక కొమురవ్వ రోకలి కింద పడేసింది.

షమ్షున్నీసా తల ఒళ్లె వెట్టుకొని ఆటోల సిద్దిపేట దవాఖానకు తీస్కపోయింది. తొవ్వ పొడుగునా చెంగు ఆమె తలకు అదిమింది. చెంగు తడిసింది, చీర తడిసింది, ఆటో కింద రేకు మీద పారింది. ఊరు దాటినంక షమ్షున్నీసా కండ్లు తెరిచి ఏదో అనబోయింది. సిద్దిపేట రాకముందే ఊపిరి ఆగింది.

తెల్లారి ఖబ్రస్తాన్ల మట్టి ఇచ్చిన్రు. ఏ మతపు పెద్దా రావద్దనలేదు, ఊరంత వచ్చింది. మట్టి ఆరకముందే పోలీసు జీపు వచ్చి కొమురవ్వను ఎక్కించుకున్నది. జీపు ఎన్కనే ఊరు కదిలింది, ఆటోలల్ల, ట్రాక్టర్లల్ల, నడుసుకుంట.

ఠాణాల సీఐ మర్యాదగ కుర్చీ ఏసిండు. గది సూసి కొమురవ్వకు ఇంకింత భయమైంది.

"నువ్వు పక్కనే ఉన్నవట గదా పెద్దమ్మా. నువ్వు చెప్పిందే రాసినం. గిక్కడ ఏలిముద్ర పెట్టి పో. నీ మీద తాళం కేసు, మనిషిని కొట్టిన కేసు ఉన్నయి. అన్ని నేను సూసుకుంట."

"నేనింక చెప్పనే లేదు గదా సారూ. ఏం రాసిన్రు?"

"ఉన్నదున్నట్టు రాసినం."

"చదువున్రి."

సీఐ కాయితం అందుకొని గడగడ చదివిండు. గొడవ జరిగిందట, రాజనర్సు కొట్టిండట, షమ్షున్నీసా పడ్డదట. అంత సరిగనే ఉన్నట్టున్నది. కొమురవ్వ బొటనవేలు ఇంకు డబ్బీ దాక పోయి ఆగింది.

"ఇంకోపారి చదువున్రి సారూ."

సీఐ ఇసుక్కుంట మళ్ల చదివిండు. గీసారి రాజనర్సు పేరు ముందుగాల వచ్చింది, గొడవ ఎన్కకు పోయింది. గడప అన్నది మెట్లు అయింది.

కొమురవ్వకు అక్షరం రాదు. కాని ఏడాదికి మించి దినాం పిల్లల చదువు ఇన్నది. అచ్చు ఏసిన మాట ఎన్నిసార్లు చదివినా ఒక్కతీరుగనే ఉంటదని ఆమెకు ఎరుక. మాట మారిందంటె వాడు కాయితం చదువుతలేడు, కథ చెప్తున్నడు.

ఆమె కాయితం లటుక్కున గుంజుకున్నది. "ఏయ్!" అని సీఐ లేచేలోపు వరండ దాటింది. ఒక కానిస్టేబుల్ కొప్పు వట్టి గుంజిండు. మోకాళ్ల మీద పడ్డది, అట్లనే చెయ్యి చాపి గేటు సందులకెల్లి కాయితం బయట నిలవడ్డ ఊరోళ్ల దిక్కు తోసింది.

"సాయిమా! గిండ్ల ఏమున్నదో చదువు బిడ్డా!"

సాయిమా పెదవి వాచి ఉన్నది. తల్లి మట్టి ఇంకా గోళ్లల్ల ఉన్నది. కాయితం ఇప్పి చదివింది.

"మృతురాలు షమ్షున్నీసాకు చాలా కాలంగా రక్తపోటు కలదు. సదరు దినమున ఆమె కళ్లు తిరిగి పాఠశాల మెట్లపై పడిపోగా తలకు గాయమైనది. ఆమెను ఎవరూ కొట్టలేదు. ఈ విషయము నా కళ్లారా చూచితిని..."

గేటు ముంగట ఊరు ఒక్కసారి కూత పెట్టింది. గా కూతకు ఠాణా లోపలి పోలీసులు లాఠీలు అందుకున్నరు. సాయిమా ఏడ్సుకుంట కాయితాన్ని చింపబోయింది.

"చింపకు!" కొమురవ్వ నేల మీదికెల్లి ఒర్రింది. ఆమె వీపు మీద బూటు ఉన్నది. "చింపకు బిడ్డా. ఎనకున్నోళ్లకు ఇనరాలే. మళ్ల చదువు!"

గేటు తెరుచుకున్నది. లాఠీలు బయటికి ఉరికినయి. ఇరిగిన భుజానికి కట్టు కట్టుకున్న కిష్టవ్వ ముందుగాల వచ్చి పిల్లకు అడ్డం నిలవడ్డది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన ఇంకొకామె. దెబ్బలు పడుతున్నయి, కొప్పులు ఊడుతున్నయి, నెత్తురు కారుతున్నది, ఎవ్వరు జరుగుతలేరు. నడుమ స్నిగ్ధ, సాయిమా ఒకే కాయితం మీదికి ఒంగి మొదటి అక్షరం కాడికెల్లి అందుకున్నరు. ఒక్కొక్క మాట చదివి ఆగుతున్నరు. ఆగినకాడల్ల ఊరంత ఒక్క గొంతుతోని జవాబు చెప్తున్నది:

"అబద్ధం!"