దాచిన మూడు రోజులు

గౌరి గొంతుక్కూర్చుని, పాత వల మీద పరిచిన నెత్తళ్లను తిరగేస్తోంది. మంచుకి అడుగువి చెమ్మగిల్లాయి. ఒక చేత్తో కాకుల్ని అదిలిస్తూ, రెండో చేత్తో కింది చేపలు పైకి తెస్తూ వల చివరికి జరిగింది. అక్కడ కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డ పక్కింటి జగ్గమ్మ ఆమెను చూసి నవ్వింది.

“ఓలె గౌరీ, మీ అరుగు మీద సాప కనిపించి ఎన్నాళ్లయినాదే? మీ యత్త గానీ పట్నం పద్ధతులు పెట్టేసిందేటి?”

కుళాయి దగ్గరున్న ఆడవాళ్లంతా నవ్వారు. గౌరి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా చెడ్డ.

ఆ వీధిలో అరుగు మీద చాప అంటే అందరికీ తెలిసిందే. నెలసరి వచ్చిన ఆడది మూడు రోజులు ఇంట్లోకి రాకుండా, వల ముట్టకుండా అరుగు మీదే ఉంటుంది. ఎవరూ పని గట్టుకుని చూడరు, అయినా అందరికీ గుర్తుంటుంది. గౌరి మొగుడు శివాజీ ఆగస్టులో వేరావల్ వెళ్లాడు, అక్కడి బోట్ల మీద చేపల వేటకి. వేసవికి గానీ రాడు. అతను వెళ్లాక సెప్టెంబరులో ఒకసారి ఆ అరుగు మీద చాప పడింది. ఇప్పుడు నవంబరు నెలాఖరు. మళ్లీ పడలేదు.

అత్త లక్ష్మణమ్మ ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు. అడిగితే బావుండునని గౌరికి ఉంది. మొన్న చేపల పులుసు వద్దంటే, అత్త చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. అప్పట్నుంచి ఆ కళ్లు గౌరి ముఖం మీద కాక నడుము మీద వాలుతున్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

తన కడుపులో ఏమీ లేదని గౌరికి తెలుసు. ఉండటానికి వీల్లేదు. అయినా అన్ని కళ్లు అటే చూస్తుంటే, బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ ఆగి, తడి చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చూసుకునేది.

అసలు అక్టోబరులో ఆమెకు నెలసరి వచ్చింది. వచ్చిన రోజే గంగమ్మ సంబరం. వేటకి దూరం వెళ్లిన ప్రతి మగాడి పేరనా వాడి ఇంటి ఆడది ముర్రాట మొయ్యాలి. కొత్త కుండలో పసుపునీళ్లు పోసి, వేపమండలు వేసి, నెత్తిన పెట్టుకుని అమ్మవారి దగ్గరకి తీసుకెళ్లాలి. లక్ష్మణమ్మ మొగుడు పోయినది, ఆమె మొయ్యకూడదు. తెల్లారి లేచి సంగతి తెలుసుకున్న గౌరి చాలాసేపు పెరట్లోనే నిలబడిపోయింది. అందరి మగాళ్ల పేరనా కుండలు వెళ్లి, శివాజీ పేరన వెళ్లకపోతే? తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, కుండ ఎత్తుకుంది. మూడు రోజులూ దాచింది.

ఇప్పుడు నిజంగా తప్పింది పద్దెనిమిది రోజులే. కానీ వీధి లెక్కలో రెండు నెలలు దాటిపోయింది. ఆ మాట చెబితే ఒక నింద పోయి, అంటుతో అమ్మవారి కుండ మోసిందన్న నింద నెత్తికెక్కుతుంది. అది వేటకెళ్లినవాడికి కీడంటారు. శివాజీ సముద్రం మీదున్నాడు.

ఆ సాయంత్రం లక్ష్మణమ్మ కొంగు ముడి విప్పి, చిన్న పొట్లం ఒకటి గౌరి ముందు పెట్టింది.

“ఆశా వర్కరు అనూరాధనడిగి తెచ్చినాను. మా అరుణశ్రీకని సెప్పినాను. రేపు లేవగానే తొలి ఉచ్చతో సూసుకోవాలట. మూడు సుక్కలు. ఒక్క గీతొస్తే ఏటీ లేనట్టు.”

“రెండొస్తే?”

“రెండొస్తే, అప్పుడు సూద్దాం.”

కూతురి పేరు చెప్పి తెచ్చిందంటే కోడలి పరువు కాచినట్టా, తన ఇంటి పరువు కాచుకున్నట్టా? గౌరికి అర్థం కాలేదు. ఒక్క గీతతో అంతా తీరిపోతుందని మాత్రం అనుకుంది.

తెల్లారి, పెరట్లో తడికల చాటున కూర్చుని, మూడు చుక్కలు వేసింది. ఐదు నిమిషాలు ఆగాలి. ఫోనులో టైము చూసుకుంటూ, పనిలో పనిగా శివాజీ నుంచి ఏమైనా వచ్చిందేమో చూసింది. లేదు. ఒక్క గీత వచ్చింది. ఇంకో రెండు నిమిషాలు ఆగింది. ఒక్కటే.

లక్ష్మణమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి వచ్చి గౌరి గడ్డం పట్టుకుంది.

“ఓలమ్మ, నా తల్లే! ఆడి మీద బెంగెట్టుకుని, తిండి మానేసి ఒళ్లు పాడు సేసుకున్నావే గుంటా. నానేటేటో అనుకున్నాను. నా బుద్ధి మండిపోనూ!”

టీ కాచి, గ్లాసు తనే తెచ్చి చేతికిచ్చింది. చాలా రోజుల తర్వాత గౌరి పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది.

“అయితే ఇది జబ్బే. రెండు నెలలు ఊరికినే ఆగిపోతాదేటి? ఇయాలే సీకాకులం పోదాం. పెద్ద డాక్టరమ్మకి సూపిద్దాం.”

ఆ చెయ్యి వీపు మీద వెచ్చగా ఉంది. గౌరికి ఏడుపు వచ్చింది.

“రెండు నెలలు కాదత్తా. పద్దెనిమిది రోజులే.”

“మరి ఆ ముందు నెల?”

“వచ్చినాది.”

“ఎప్పుడు? నానెరగనే?”

గౌరి గ్లాసులోకి చూస్తూ చెప్పింది. “సంబరం నాడు.”

వీపు మీది చెయ్యి కదల్లేదు. కాసేపటికి మెల్లగా వెళ్లిపోయింది.

“ముర్రాటెత్తుకున్నావు కదే?”

“నాను మొయ్యకపోతే ఆయన పేర ఎవరు మోస్తారత్తా? నువ్వు మొయ్యకూడదు కదా.”

లక్ష్మణమ్మ ముఖం నల్లబడింది.

“ఆడు ఫోను సేసి ఎన్నాళ్లయినాది?”

“పన్నెండు రోజులు. బోటింకా రేవుకి రాలేదన్నారు.”

“ఈ మాట ఇంకెవలికైనా సెప్పినావా?”

“లేదు.”

“ఆడికి?”

“లేదత్తా.”

తిడుతుందేమోనని గౌరి ఎదురు చూసింది. కొడుతుందేమో అనుకుంది. కొట్టినా బావుండును, ఆ మాట ఇద్దరిదీ అయ్యేది. “అత్తా,” అంది.

లక్ష్మణమ్మ లేచి, కొంగు బిగించి, తలుపు వారగా తెరుచుకుని, వెనక్కి చూడకుండా బయటికి వెళ్లిపోయింది.