చిక్కీ ఇచ్చిన కాలు

నడుచుకుంటూ అనే మాటలోనే కుంటు ఉందని ఇన్నేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదేమిటి, నవ్వుకుంటూ, ఏడ్చుకుంటూ, చెప్పుకుంటూ, తెలుగువాడు ఏ పని చేసినా కుంటూనే చేస్తాడు, మా చిక్కీ ఒక్కటీ కుంటితే తప్పా అని పక్క కుర్చీలో ఉన్న వరూధినితో అంటే, మీరు సొల్పం నోరు మూస్తే డాక్టరమ్మ పిలిచేది వినబడతాది అంది మా ఆవిడ, నా జోకులకు స్పందించే ఏకైక ఆడప్రాణి కింద టైల్స్ మీద పడుకుని తోక ఊపింది, చిక్కపేటలో మా చీరల కొట్టు ముందు తోపుడుబండి కింద కుక్కపిల్లగా చిక్కింది కాబట్టి చిక్కీ, తొమ్మిదేళ్లలో పేరుకే చిక్కింది గానీ ఒళ్లు చిక్కింది లేదు, కారులోంచి ఈ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆసుపత్రి మెట్లెక్కించేసరికి చిక్కిపోయింది నేను, మూడు వారాలుగా ముందు ఎడమకాలు, కనిపెట్టింది నేనే, ఆ కాలు ఆనిన ప్రతిసారీ తల దించుతుంది, నొప్పి లేకపోతే ఎందుకు దించుతుంది, అందుకే రోజూ కొట్టుకి పోయేముందు గోరువెచ్చని నువ్వులనూనెతో ఆ కాలికి మర్దన, కాలక్షేపం అంటే ఇదే కదా అని నాలో నేనే నవ్వుకుని మరీ మర్దన.

అయినా తగ్గలేదు, కీలు అరిగిందేమో, ఎక్స్‌రేకి కదలకుండా పడుకోదు, మత్తివ్వాలి, ఆపరేషన్ పడినా పడొచ్చు అని డాక్టర్ నేత్రావతి ఫోన్లో అన్నప్పట్నుంచి మత్తివ్వకుండానే నాకు మతి పోయింది, దీని గుండె కొంచెం వీకని నిరుడు ఆవిడే చెప్పింది, మత్తులోంచి లేవకపోతే, లేవకపోతే అన్న మాట మీద మాత్రం ఎంత వెతికినా ఒక్క జోకూ దొరకదు.

రండప్పా అని పిలిచింది డాక్టరు, నేను అందుకున్నాను, ఎడమకాలు మేడమ్, కీలే, ఇదిగో ఇట్లా అని గదిలో నిజంగానే కుంటి చూపించాను, ఆవిడ నా మోకాళ్లకేసి చూసి, మీది వేరే డాక్టరుకి చూపించుకోండప్పా, నేను నాలుగు కాళ్లవాళ్లకే, ఇప్పుడు ఊరికే ఉండండి, సొల్పం చిక్కీని చెప్పనీండి అంది, ఊరికే ఉండడం ఊరికే వస్తుందా, పెదాలు బిగబట్టి గోడకి ఆనుకున్నాను, వరూధిని మెడపట్టీ తాడు పట్టుకుని వరండాలో అటు నడిపించింది, ఇటు నడిపించింది, డాక్టరు చేతులు కట్టుకుని చూస్తా ఉంది, తర్వాత మెల్లగా అంది కదా, తల దించినప్పుడు ఆనేది మంచి కాలప్పా, నొప్పికాలు నేలకి తగలంగానే బరువు పడకుండా తల పైకి ఎత్తుతాది, మీరు తారుమారు చేసినారు, నొప్పి కుడికాల్లో ఉండాది.

ఆ కుడికాలు పట్టుకోబోతే చిక్కీ చటుక్కున లాక్కుంది, ఆవిడ తొందరపడలేదు, మెడ నిమిరి, కబుర్లు చెప్పి, బొచ్చు విడదీసి చూడండి అంది, పాదానికి పైన పక్కగా నేలకి తగలని గోరొకటి, అరగక పెరిగి పెరిగి గుండ్రంగా తిరిగి తన చర్మంలోకే దిగబడింది, ఎక్స్‌రే లేదు, మత్తు లేదు, వరూధిని తల పట్టుకుంటే టక్ మని ఒక కత్తిరింపు, కడిగి మందు పూసి, ఐదు రోజులు మాత్రలు, నెలకోసారి గోళ్లు చూసుకోండి, ఆ గోరు మర్చిపోకండి, అంతే, అంత పెద్ద భయానికి ఇంత గోరా, నేను గోరంత అనబోయేలోపే వరూధిని అందుకుంది, మూడు వారాలు బాగుండే కాలికి నూనె రాసినారా, డాక్టరమ్మా, మా ఆయన కొట్లో కూడా ఇంతే, ఒక చీర అడిగితే ఇంకోటి పరుస్తారు, ఇద్దరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను, నాకే ముందు ఆగిపోయింది నవ్వు.

ఎందుకంటే ఒకసారి మర్దన చేస్తూ కుడికాలు కూడా పట్టుకోబోయాను, చిక్కీ దాన్ని పొట్ట కింద దాచుకుంది, నా చెయ్యి నాకింది, ఎడమకాలు ముందుకు తోసింది, చక్కిలిగిలి అనుకున్నాను, దాచుకున్న కాలే అది చెప్పిన మాట, దాని మీద నా మాట పడేసి నూనె రాసుకుంటూ పోయాను, అయినా మర్నాడూ ఆ మర్నాడూ గిన్నె పట్టుకుని దిగాలుగా కూర్చున్న మనిషికి ఏదో ఒక కాలు ఇవ్వాలి కదా అన్నట్టు నొప్పి లేని కాలు చాపి కళ్లు మూసుకునేది, దానికేం అక్కర్లేదు, నాకే కావాలి, అవును, ఆ మూడు వారాలూ వైద్యం జరిగింది చిక్కీకి కాదు, నాకు.