వాసన లేని రంగు

రెండోసారి బ్రష్ పెట్టొద్దంటాడు రంగుల కొట్టాయన, పెట్టకుండా ఎలా ఊరుకుంటుంది చెయ్యి, ముప్పై ఏళ్లుగా తలుపు మీద రంగు పరిచి, వెనక్కి వచ్చి, నిమిరి, మళ్లీ నిమిరి నున్నగా తేల్చిన చెయ్యి, ఆయిల్ పెయింట్ అయితే నేను టీ తాగి వచ్చేదాకా తడిగా, మర్యాదగా కూర్చునేది, ఈ నీళ్ల రంగుకి ఆ ఓపిక ఎక్కడిది, ఇలా పూసి అలా తిరిగేసరికి ఆరిపోతుంది, ఆరీ ఆరని చోట బ్రష్ తగిలిందా, దువ్వెనతో దువ్వినట్టు గీతలు, ఇదిగో మూడోసారి, తలుపులోని ఒకే చెక్క పలకలో, మళ్లీ గరుకు కాగితం పట్టాలి, కొట్టాయన అన్నీ చెప్పే ఇచ్చాడు, చెబుతూ నవ్వాడు కూడా, మేస్త్రీ, ఇది చెక్క మీద నిలవదని ఊరంతా చాటింది తమరే కదా అని, చాటాను, కాదనను, ఎంతమంది ఇళ్లలో ఎన్ని తలుపుల ముందు నిలబడి వెక్కిరించానో, ఇప్పుడు నా పడగ్గది తలుపు ముందు నిలబడి నోరు మూసుకున్నాను.

నాకోసమా కొన్నాను, మా ఆవిడ కోసం, పోయిన నెల బుద్ధి గడ్డితిని ఇంట్లో ఐదు తలుపులకీ ఆయిల్ పెయింట్ వేశాను, మర్నాటికే ఆవిడకి ఊపిరి అందలేదు, ఆ వాసన ఇంట్లో ఉండకూడదన్నాడు డాక్టరు, అంతే, తన చెల్లెలింటికి వెళ్లిపోయింది, ఇవాళ్టికి పదిహేడు రోజులు, తోడల్లుడేమో రోజూ ఫోను, అన్నయ్యా ఇంకా ఎన్ని తలుపులు మిగిలాయి అని, జన్మలో ఒక మేకు కొట్టిన పాపాన పోలేదు, అతను నన్నడగడం, పగలంతా కాలేజీ కిటికీల పని, సాయంత్రం ఇంటికొచ్చి ఈ గీకుడు, చెక్క కనిపించేదాకా గీకాను, తడిగుడ్డతో తుడిచాను, ప్రైమర్ వేశాను, భుజాలు పడిపోయాయి, ఆవిడ ఫోన్లో తిన్నారా అంటుంది తప్ప ఎప్పుడు రమ్మంటారు అని అడగదు, అడిగితే బావుండును.

సరే, చివరికి నైలాన్ బ్రష్ కొన్నాను, నా పాత పంది వెంట్రుకల బ్రష్ నీళ్లు తాగి చీపురులా ఉబ్బిపోయింది మరి, కొట్టాయన ఈసారి నవ్వలేదు, నవ్వి ఉంటే పోట్లాడేవాణ్ణి, ముందు పలకలు, తర్వాత అడ్డపట్టీలు, చివర నిలువు పట్టీలు, ఒక్కొక్కటీ ఒకే ఊపులో, వెనక్కి చూడకుండా, చెయ్యి వెనక్కి లాగుతూనే ఉంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నంత పనైంది, మూడు రోజులకి ఐదు తలుపులూ అయ్యాయి, అద్దంలా లేవు, బాగానే ఉన్నాయి, ముక్కు ఆనించి చూశాను, ఏమీ లేదు, వెంటనే ఫోన్ చేసి వచ్చెయ్యి అన్నాను.

వచ్చింది, నేను పని నుంచి వచ్చేసరికే వచ్చి ఉంది, తోడుగా మరదలు, ఇద్దరూ గదిగదీ తిరిగి తలుపులు వాసన చూస్తున్నారు, అస్సలు లేదండీ అంది ఆవిడ, ఎంత సంతోషమో ఆ ముఖంలో, దగ్గరికి వెళ్లి చేతిలో సంచీ అందుకోబోయాను, దగ్గు, ఒక అడుగు వెనక్కి, ఇంకో దగ్గు, ముక్కుకి చెయ్యి అడ్డం, మరదలు కిటికీ తెరిచింది, నేను తలుపు మీద పడ్డాను, ఏ మూల ఆయిల్ వదిలేశాను, ద్వారబంధం వెనకా, మడతబందుల దగ్గరా అని వెతుకుతుంటే, తలుపులు కాదండీ, అంది, చాలా మెల్లగా.

నేను, నా చొక్కా, నా జుట్టు, పగలంతా కాలేజీ కిటికీలకి ఆయిల్ పూసి థిన్నర్‌తో కడుక్కున్న ఈ చేతులు, ముప్పై ఏళ్లుగా రోజూ ఆ వాసన ఇంటికి మోసుకొచ్చి ఆవిడ పక్కన పడుకున్నది నేనే, ఒక్కనాడూ అనలేదు, నాకు కోపం వస్తుందనా, తిండి పెట్టే పని కదా అనా, చెడ్డ సిగ్గుగా ఉంది, గుమ్మం దాటి బయటికొచ్చి చొక్కా విప్పేశాను, సంచీ లోపల పెట్టమ్మా అని మరదలికి చెప్పాను, రేపు కాలేజీ వాళ్లకి కూడా చెప్పేస్తాను, ఆయిల్ పని ఇక చెయ్యను, ఎవరింట్లోనూ చెయ్యను, ఈ వయసులో ఈ పొగరుబోతు నీళ్ల రంగునే మొదటినుంచీ నేర్చుకోవాలి.